డాక్టరు మీ కంప్యూటర్‌లోనే ఉన్నాడు!

నిన్నటిదాకా బుద్ధిగా పనిచేసిన కంప్యూటర్ తెల్లారేసరికి మూగబోయింది. తెర మీద అక్షరాలు చూస్తే గుమ్మడికాయలంత! 'ఫార్మాట్ కొట్టేద్దాం, సరిపోతుంది' అన్నాడు మెకానిక్కు. మరి అందులోని ఫొటోలూ పాటలూ ఏమైపోవాలి? ఆగండి. అంతకంటే ముందు సలహా అడగాల్సిన డాక్టరు ఒకడున్నాడు. ఫీజు లేదు, టోకెను అక్కర్లేదు!

మా అక్క ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది. విండోస్ పెద్ద అప్‌డేట్ ఒకటి వచ్చి వెళ్లాక దానికి మాట పడిపోయింది. బొమ్మ కూడా సాగదీసినట్టు తయారైంది. వీధి చివర షాపులో చూపిస్తే కుర్రాడు రెండు నిమిషాలు చూసి, 'సౌండ్ కార్డు పోయినట్టుంది అక్కా, ముందు ఫార్మాట్ కొట్టి చూద్దాం' అన్నాడట. అక్క కంగారుగా ఫోన్ చేసింది. 'ఒరేయ్, అమ్మ పాడిన మంగళహారతులు డెస్క్‌టాప్ మీదే ఉన్నాయిరా. ఇంకెక్కడా లేవు!' అమ్మ పోయి అప్పటికి మూడేళ్లు. కంప్యూటర్ ఇంటికి తెచ్చేయమన్నాను. ఆ సాయంత్రం మేమిద్దరం చేసిన పనే ఈ కథనం.

దుబాసీ దారి తప్పితే...

ముందు అసలు డ్రైవర్ అంటే ఏంటో చూద్దాం. పూర్వం దొరకూ రైతుకూ మధ్య దుబాసీ ఉండేవాడు. దొర మాట రైతుకు చెప్పేది అతనే. కంప్యూటర్లో విండోస్ దొర అనుకుంటే, బొమ్మను చూపే గ్రాఫిక్స్ చిప్, శబ్దం పుట్టించే సౌండ్ చిప్ రైతులు. మధ్యలో ఉండే దుబాసీ ప్రోగ్రామే డ్రైవర్. దుబాసీ లేకపోయినా, తప్పుగా చెప్పినా చిప్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా పని జరగదు. అందుకే 'సౌండ్ రావట్లేదు' అనగానే కార్డు పోయిందనుకోవడం తొందరపాటు.

ఈ దుబాసీలు ఎంత గొడవ చేయగలరో 1994 క్రిస్మస్‌కు అమెరికాలో తెలిసొచ్చింది. డిస్నీ 'లయన్ కింగ్' సీడీ కొన్న తల్లిదండ్రులు చాలామంది పండగ పూట దాన్ని కంప్యూటర్లో పెడితే, తెర కాస్తా నీలంగా మారి ఆగిపోయింది. అప్పుడే కొత్తగా అమ్ముడైన ఓ రకం కంప్యూటర్లలోని వీడియో డ్రైవర్లతో ఆ ఆటను ముందుగా పరీక్షించకపోవడమే కారణం. ఇలాంటి తలనొప్పులు తప్పించడానికే మైక్రోసాఫ్ట్ 1995లో డైరెక్ట్ఎక్స్‌ను తెచ్చింది. ఆటలకూ చిప్‌లకూ మధ్య ఒకే పద్ధతి ఉండేలా చూడటం దాని పని. దాంతోపాటు తర్వాత వచ్చినవాడే మన డాక్టరు... డీఎక్స్‌డయాగ్!

నాడి పట్టేదిలా

కీబోర్డు మీద విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో డి, ఎక్స్, డి, ఐ, ఎ, జి... ఈ ఆరు ఇంగ్లిషు అక్షరాలూ వరసగా కొట్టి ఎంటర్ నొక్కండి. మొదటిసారైతే డ్రైవర్ల మీద డిజిటల్ సంతకం ఉందో లేదో చూడమంటారా అని అడుగుతుంది. ఎస్ అనండి.

సిస్టమ్ పేజీలో కంప్యూటర్ తయారీదారు, మోడల్, ప్రాసెసర్, మెమరీ, డైరెక్ట్ఎక్స్ వెర్షన్ ఉంటాయి. ఆ మోడల్ పేరు కాగితం మీద రాసుకోండి. తర్వాత పనికొస్తుంది.

డిస్‌ప్లే పేజీలో గ్రాఫిక్స్ చిప్ పేరు, డ్రైవర్ వెర్షన్, తేదీ చూడండి. అసలు చిప్ పేరుకు బదులు 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే' అని కనిపించిందా? అయితే మీ దుబాసీ లేడు, తాత్కాలికంగా ఇంకొకరు నెట్టుకొస్తున్నారని అర్థం. అక్షరాలు గుమ్మడికాయల్లా ఉబ్బేది అందుకే. డబ్ల్యూహెచ్‌క్యూఎల్ అన్నచోట ఎస్ అని ఉంటే, ఆ డ్రైవర్ మైక్రోసాఫ్ట్ పరీక్ష పాసైందని గుర్తు.

సౌండ్ పేజీలోనూ ఇదే తంతు. కింద నోట్స్ అనే గడి మరవకండి. డాక్టరుగారి మాట అక్కడే ఉంటుంది. మా అక్క కంప్యూటర్లో 'సౌండ్ కార్డు కనిపించలేదు, ఉండాల్సి ఉంటే తయారీదారు ఇచ్చిన డ్రైవర్ వేయండి' అన్న అర్థంలో రాసుంది. డిస్‌ప్లే పేజీలో ఆ 'బేసిక్' పేరే! అంటే ఇద్దరు దుబాసీలూ ఒకేసారి మాయమయ్యారన్నమాట.

రోగం తెలిశాక మందు

డీఎక్స్‌డయాగ్ రోగం చెబుతుంది గానీ మందు వేయదు. మందు కోసం డివైస్ మేనేజర్‌కు వెళ్లాలి. స్టార్ట్ మీట మీద మౌసు కుడి బటన్ నొక్కితే దాని పేరు కనిపిస్తుంది. అక్కడ పసుపు రంగు గుర్తు ఉన్న పరికరం మీద రెండుసార్లు నొక్కితే ఓ కోడ్ నంబరు వస్తుంది. 28 అంటే డ్రైవర్ లేదు. 10 అంటే పరికరం మొదలవ్వలేదు. 43 అంటే పరికరమే ఏదో ఇబ్బంది ఉందని చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసింది. మాకు వచ్చింది 28.

అప్‌డేట్ తర్వాతే గొడవ మొదలైతే అదే చోట 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కి పాత డ్రైవర్‌కు వెళ్లొచ్చు. ఆ మీట వెలిసిపోయినట్టు ఉంటే పాతది దాచిపెట్టలేదని అర్థం. అప్పుడు రాసుకున్న మోడల్ పేరుతో తయారీదారు వెబ్‌సైట్లో వెతికి దించుకోవాలి. 'మీ డ్రైవర్లన్నీ ఉచితంగా బాగుచేస్తాం' అంటూ ఊరించే ప్రకటనల జోలికి మాత్రం పోవద్దు. ఒక రోగానికి వెళ్తే నాలుగు అంటిస్తారు!

అన్నీ డ్రైవర్ నేరాలు కావు

టీవీనో మానిటర్‌నో హెచ్‌డీఎంఐ తీగతో కలిపితే శబ్దం అటే పోతుంది. దానికి స్పీకర్లు లేకపోతే ఇల్లంతా నిశ్శబ్దమే. సౌండ్ సెట్టింగుల్లో సరైన స్పీకర్‌ను ఎంచుకుంటే చాలు. తెర హఠాత్తుగా నల్లబడి మళ్లీ వస్తోందా? గ్రాఫిక్స్ డ్రైవర్ రెండు సెకన్లు పలకకపోతే విండోస్ దాన్ని తట్టిలేపుతుంది. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు కలిపి నొక్కి మనమూ లేపొచ్చు. మాటిమాటికీ అదే జరిగితే మాత్రం లోపల దుమ్ము, వేడి, పవర్ సప్లై కూడా చూపించుకోవాలి. అప్పుడు షాపుకెళ్లడమే మంచిది.

వెళ్లేముందు డీఎక్స్‌డయాగ్‌లోనే 'సేవ్ ఆల్ ఇన్ఫర్మేషన్' నొక్కి ఆ రిపోర్టు పట్టుకెళ్లండి. ఇటీవల ఏ ప్రోగ్రాం కుప్పకూలిందో కూడా అందులో ఉంటుంది. మీ కంప్యూటర్ పేరూ ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు పంపేటప్పుడు అది చెరిపేయండి. అన్నిటికంటే ముందు, పోతే తిరిగిరానివి వేరే పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.

ఆ సాయంత్రం మేమూ మొదట ఆ పనే చేశాం. తర్వాత రెండు డ్రైవర్లూ వేసి కంప్యూటర్‌ను ఆపి మళ్లీ పెట్టాం. అక్షరాలు మామూలయ్యాయి. అక్క డెస్క్‌టాప్ మీది ఫోల్డర్ తెరిచి మొదటి పాట నొక్కింది. ముందు అమ్మ దగ్గు... తర్వాత పాట. వంటింట్లోంచి బావ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పాట అయ్యేదాకా ఎవ్వరం మాట్లాడలేదు.