చిన్న కమతము – చిన్న ట్రాక్టరు

తెలుగు శాఖలో కావ్యపాఠములు చెప్పుకొనువారికి ట్రాక్టరుతో పనియేమని పాఠకులలో కొందరు శంకింపవచ్చును. మన కళాశాలలో చదువుచున్న పలువురు విద్యార్థులు పలమనేరు, పుంగనూరు, పీలేరు, మదనపల్లె ప్రాంతముల రైతు కుటుంబములనుండి వచ్చినవారు. వారి ఫీజులు వేరుశనగనుండియో, టమాటానుండియో, పాడినుండియో రావలసినవే. ఇంటిలో ట్రాక్టరు కొనవలెనను మాట పుట్టిననాడు, చదువుకొన్న బిడ్డ గదా యని అప్పు కాగితము మొదట వారి చేతికే ఇత్తురు. కంపెనీవారి రంగుల పత్రములోని అంకెలను వారినే చదివి చెప్పుమందురు. ఆ దినమున ఏమి చూడవలెనో, ఏమి అడుగవలెనో తెలుపుటకే మేము ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

మన పల్లెలలో మినీ ట్రాక్టరని పిలుచునది సాధారణముగా ఇరువది అశ్వశక్తులకు అటునిటుగా నుండు నాలుగు చక్రముల యంత్రము. డెబ్బదియైదు కిలోల బరువును ఒక సెకండులో ఒక మీటరు ఎత్తునకు లేపగల శక్తిని ఒక అశ్వశక్తి యందురు. ఒక జత ఎద్దులు నిలకడగా ఇయ్యగలిగినది సుమారు ఒక అశ్వశక్తియే. ఆ లెక్కన పదునైదు అశ్వశక్తుల ట్రాక్టరు పదునైదు కాండ్లకు సమానమని అనుకొనుట సహజము. కాని పత్రములో అచ్చువేయునది ఇంజను శక్తి. అందులో కొంత గేర్లలో పోవును, మరికొంత మెత్తని దుక్కిలో చక్రములు జారుటవలన పోవును. నాగలిని లాగుటకు మిగులునది ఇంజను శక్తిలో సగమునకు కొంచెము పైమాట. రోటవేటరు వంటి పనిముట్లను త్రిప్పు వెనుకటి ఇరుసునకు మాత్రము నష్టము తక్కువ, నూటికి ఎనుబదియైదు పాళ్లవరకు అందును. చిన్న ట్రాక్టరు నాగలి లాగునపుడు నీరసపడి, రోటవేటరుతో చురుకుగా పనిచేయుటకు కారణమిదియే.

మన దేశములో ట్రాక్టర్లు పెద్దవిగా మొదలైనవి కావు. 1959లో ఫరీదాబాదు కర్మాగారమునుండి వెలువడిన తొలి ఐషర్ ట్రాక్టరుగాని, దుర్గాపూరులోని ప్రభుత్వ పరిశోధనాలయమున రూపకల్పన జరిగి 1974లో పంజాబునుండి అంగడికి వచ్చిన స్వరాజ్ 724 గాని, నేటి కొలతలో చిన్నవే. తరువాతి కాలమున రైతుల చూపు పెద్ద యంత్రములపైకి మరలినది. నేడు అధికముగా అమ్ముడగునవి ముప్పది ఏబది అశ్వశక్తుల నడిమివే. అయినను చిన్నవానికి చోటు పోలేదు. బెంగళూరు వి.ఎస్.టి. సంస్థ మిత్సుబిషి సహకారముతో చేసిన 18.5 అశ్వశక్తుల శక్తి, మహీంద్రావారి పదునైదు అశ్వశక్తుల ఏక సిలిండరు యువరాజ్, నాలుగు చక్రములకును శక్తి నందించు ఇరువది నాలుగు అశ్వశక్తుల కుబోటా నియోస్టార్ ఈ జాతిలోనివి. అమెరికాలో ఇటువంటి యంత్రము పెద్ద యింటివారికి పచ్చిక కోయుటకు, మంచు తొలగించుటకు పనికివచ్చు ఉపకరణము. అక్కడివారి మెచ్చుకోళ్లు చదివి ఇక్కడ కొనుట పొరపాటు. మన రైతునకు ఇది కుటుంబమునకంతకు ఒకేయొక యంత్రము. దానికై తెచ్చిన అప్పును తీర్చవలసినదియు ఆ యంత్రమే.

చిన్న నేలకు చిన్న బలమే చాలునన్న ఊహ మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ప్రపంచములోని మిక్కిలి పొట్టి పశుజాతులలో నొకటియైన పుంగనూరు ఆవు పుట్టినిల్లు ఇదియే. తక్కువ మేతతో జీవించి, తేలిక నేలలను దున్నిన ఆ జాతి అరుదైపోగా, దానిని కాపాడు పని పలమనేరు పశుపరిశోధన కేంద్రములో జరుగుచున్నది.

ఇక నేల సంగతి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము దేశములో సగటు కమతము 1.08 హెక్టారులు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారులు మాత్రమే. అనగా రెండుంబావు ఎకరములకు కొంచెము పైన. అదియు ఒకేచోట నుండదు. అన్నదమ్ముల పంపకములలో చేను చీలి, నడుమ గెనిమలు లేచినవి. నలుబదియైదు అశ్వశక్తుల ట్రాక్టరు ఇట్టి కయ్యలలో దున్నినంతసేపు మలుపులు తిరుగును, మూలలు మిగిల్చిపోవును. పెద్ద ట్రాక్టరు బరువు రెండు టన్నులకు అటునిటు, చిన్నది ముక్కాలు టన్నుకు అటునిటు. తడినేలను అదిమి గట్టిపరచుటలో ఈ రెండింటికి గల తేడా రైతు కంటికి మరుసటి పంటలో కనబడును.

అయినను చిన్నదానికి అసలు బలము ఇందులో లేదు. అది పదునులో నున్నది. 2022 ఏప్రిల్ విభజనకు పూర్వపు చిత్తూరు జిల్లాలో పడమటి మండలముల మెట్టచేలు చాలవరకు ఎర్ర ఇసుక నేలలు. జూన్, జూలై మాసములలో వాన కురిసిన తరువాత ఆ నేల పట్టియుంచు తేమ కొన్ని దినములకే. ఆ గడువులోనే దుక్కి ముగియవలెను, వేరుశనగ విత్తు పడవలెను. వాన అందరి చేలమీదను ఒక్కమారే కురియును గావున బాడుగ ట్రాక్టరు కొరకు ఊరంతయు ఒక్కనాడే పరుగిడును. పెద్ద చేనుగలవాడు ముందు పిలిపించుకొనును, రెండెకరములవాని వంతు చివరకు వచ్చును. మాతో మాట్లాడిన ఒక రైతు, "పదును పోయినాక ట్రాక్టరు వొస్తే ఏం లాబం సార్, దుమ్ము లేపను తప్ప" అనెను. విత్తుటలో జరిగిన ఆలస్యము ఏ బాడుగ రసీదులోను ఉండదు. మొలకలు పలుచనై, దిగుబడి తగ్గి ఆ మొత్తము బయటపడును.

పదును చిక్కుట నిజమే. దానికి చెల్లించు వెల యెంత? ఒక ఉదాహరణను లెక్కకు తీసికొందము. ఇందలి అంకెలు లెక్క నేర్చుకొనుటకు మేము ఎన్నుకొన్నవి. ఎవరి యింటి ధరలు వారు వేసికొనవలెను. ట్రాక్టరు, రోటవేటరు, కల్టివేటరు, చిన్న తొట్టి కలిసి ఐదు లక్షల రూపాయలు. పదేండ్ల తరువాత అమ్మినచో లక్ష వచ్చుననుకొందము. ఏటికి తరుగు నలుబదివేలు. సగటు పెట్టుబడి మూడు లక్షలపై నూటికి పండ్రెండు చొప్పున వడ్డీ ముప్పదియారు వేలు. భీమా, కొట్టము మొదలైనవి తొమ్మిదివేలు. వెరసి ఎనుబదియైదు వేల రూపాయలు. యంత్రము కదిలినను కదలకున్నను ఈ ఖర్చు తప్పదు. చిన్న రైతును ముంచునది ఇదియే. డీజిలు ఖర్చు కన్నులకు కనబడును గావున అందరును దానినే తలచుకొందురు. ఈ మొత్తము చెట్టు నీడలో నిలిచియున్న బండిమీద నిశ్శబ్దముగా పెరుగుచుండును.

కదిలినపుడగు ఖర్చు వేరు. గంటకు రెండు లీటర్ల డీజిలుకు రెండువందలు, నూనెలు మరమ్మతులకు డెబ్బదియైదు, డ్రైవరుకు డెబ్బదియైదు, వెరసి మూడువందల ఏబది. ఐదెకరముల ఆసామి తన చేలవరకే వాడుకొన్నచో ఏడాదికి నూరు గంటల పని దొరకుట కష్టము. అపుడు గంట ఖర్చు పండ్రెండు వందలు. 250 గంటలు నడచినచో 690 రూపాయలు, 500 గంటలు నడచినచో 520 రూపాయలు.

గంటల లెక్కనుండి ఎకరముల లెక్కకు వత్తము. మీటరు వెడల్పు రోటవేటరును గంటకు రెండున్నర కిలోమీటర్ల వేగమున నడిపి, మలుపుల క్రింద అయిదవ వంతు తీసివేసినచో గంటకు అర ఎకరము తెగును. కావున ఎకరమునకు రెండు గంటలు. పెద్ద ట్రాక్టరు చిన్న కయ్యలలో సైతము గంటకు ఎకరము ముగించి, బాడుగ పండ్రెండు వందలు తీసికొనుననుకొందము. ఏటికి నూరు గంటలే నడచు చిన్న ట్రాక్టరుతో ఎకరము దుక్కికి రెండువేల నాలుగు వందలగును. బాడుగకు ఇది సరిగా రెట్టింపు! రెండును సరితూగవలెనన్నచో చిన్న ట్రాక్టరు ఏటికి 340 గంటలు నడువవలెను. ఇంటివారే తోలుకొని డ్రైవరు కూలి మిగుల్చుకొన్నచో 260 గంటలు చాలును. అట్లని బిడ్డను చదువు మాన్పించి స్టీరింగు ముందు కూర్చుండబెట్టుట మిగులు కాదు. ఆ ఖర్చు మరియొక పద్దులో పడునంతే.

కాబట్టి అడుగవలసిన మొదటి ప్రశ్న, ఎన్ని అశ్వశక్తులని గాక, ఏడాదిలో ఎన్ని గంటల పని యున్నదని. దున్నుట యొక్కదానితో 260 గంటలు నిండవు. మిగిలినవి అంతరసేద్యమున, మందుల పిచికారిలో, ఎరువు తోలుటలో, బాడుగ పనులలో వెదుకవలెను. ఇచ్చట పంటయే తీర్పు చెప్పును. మల్బరీ తోటలలో జంటసాళ్ల పద్ధతి ననుసరించి తొంబది, నూటయేబది సెంటీమీటర్ల యెడములతో నాటినచో, ఆ వెడల్పు సందులో చిన్న ట్రాక్టరు హాయిగా పోవును. పట్టుపురుగులు పెంచువారికి ఏడాది పొడుగునను కత్తిరింపు, దుక్కి, ఎరువు ఉండనే యుండును. గంటలు నిండుటకు ఇంతకన్న అనువైన తోట మా యెరుకలో లేదు. మామిడితోటలలో కొమ్మలు క్రిందికి వ్రాలియున్న చోట పొట్టి బండికే దారి. టమాటాలోను చెరకులోను సాళ్లను నాటునపుడే వెడల్పు చేసియుండవలెను. పాతపద్ధతిలో మూడడుగుల సాళ్లు వేసి, తరువాత బండిని తెచ్చి, అది పట్టలేదని వగచినవారు లేకపోలేదు. కొనుటకు ముందు చక్రముల వెలుపలి అంచునుండి అంచునకు టేపుతో కొలిచి, తమ సాళ్లతో సరిచూచుకొనుట పది నిమిషముల పని.

వేరుశనగకు మాత్రము ఈ సౌకర్యము లేదు. ముప్పది సెంటీమీటర్ల సాళ్లలో మొలక లేచిన తరువాత గుంటక తోలవలసినదే, మనుషులు కలుపు తీయవలసినదే. పంట తీసిన తరువాత వేసవిలో బిగిసిపోయిన ఎర్రనేలను లోతుగా దున్నుట సైతము చిన్నదాని తరము కాదు. చక్రములు జారును, డీజిలు కాలును, నాగలి పైపైన గీకును. ఏటికొకమారు వచ్చు ఆ పనికి పెద్ద ట్రాక్టరును బాడుగకు పిలుచుటయే తెలివి. వేరుశనగ తప్ప మరియొకటి పండని రెండెకరముల మెట్టరైతు సొంతముగా చిన్న ట్రాక్టరు కొనుట మాకు సమ్మతము కాదు. అతనికి కావలసినది సకాలమున అందు బాడుగ.

దీనికి ఉమ్మడి కొనుగోలు ఒక మార్గము. 2022లో మన రాష్ట్రమున రైతు బృందములకు నూటికి నలుబది సబ్సిడీతో యంత్రము లిచ్చిన పథకము ఈ యూహతోనే వచ్చినది. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. పండ్రెండునుండి ఐదు శాతమునకు తగ్గుటయు కొనువారికి కొంత ఊరట. కాని ధర తగ్గినంత మాత్రమున పనిగంటలు పెరుగవు. ఉమ్మడిలో చిక్కు వేరొకటి గలదు. పదును వచ్చిన ఉదయమున ఎవరి చేను ముందు? ముగ్గురు కలసి కొనునపుడు ఈ యొక్క మాటను, మరమ్మతు ఖర్చు ఎవరెంత భరించవలెనను మాటను కొనుటకు ముందే కాగితముపై వ్రాసికొనవలెను. అన్నదమ్ములైనను సరే, అన్నదమ్ములైనచో మరియు సరే!

కంపెనీ పత్రముతో తృప్తి చెందక ప్రభుత్వ పరీక్షా నివేదికను అడుగుట మంచిది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955లో ఏర్పడిన కేంద్రము ట్రాక్టర్లను పరీక్షించి, వెనుకటి ఇరుసు శక్తి, గంటకు కాలు ఇంధనము, ఎత్తగల బరువు మొదలైనవి అంకెలలో ప్రకటించును. మనకు దగ్గరలో అనంతపురము జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షల సంస్థ గలదు. యంత్రవిద్యపై ఆసక్తిగల విద్యార్థులు సెలవులలో అచ్చటి శిక్షణలను గూర్చి విచారింపవలెను. ఏ బండి కొన్నను, విడిభాగము ఎంత దూరమున దొరకునో, మరమ్మతు తెలిసిన మేస్త్రి ఏ ఊరిలో నున్నాడో కనుగొని కొనవలెను. విత్తుకాలమున క్లచ్చిపళ్లెము కొరకు మూడు దినములు ఎదురుచూచినచో, సొంత బండియు బాడుగ బండియు ఒకటియే.

పాత బండి కొనువారు గంటల మీటరును చూచుటతో ఆగరాదు. మీటరు మార్చవచ్చును. క్లచ్చి పెడలుపై అరుగుదల, ముందు చక్రముల ఊగులాట, చల్లని ఇంజను తొలిసారి అంటుకొనునపుడు వచ్చు పొగ నిజము చెప్పును. ముందురోజే వేడిచేసి యుంచకుండ తెల్లవారుజామున పోయి చూడవలెను.

తొట్టి విషయమై ఒక మాట చెప్పక తప్పదు. ముక్కాలు టన్ను బండి వెనుక రెండు టన్నుల టమాటా పెట్టెలు కట్టి మార్కెట్టుకు బయలుదేరువారిని మేము చూచుచున్నాము. సమతలమున అది లాగగలదు. కాని బ్రేకులు ట్రాక్టరుకే గాని తొట్టికి సాధారణముగా ఉండవు. పలమనేరునుండి చిత్తూరునకు దిగు మొగిలి కనుమ వంటి వాలులో వెనుకటి బరువు ముందరి బండిని త్రోయును, వంకరగా తిప్పి పడవేయును. అట్టి దారులలో బండి బరువునకు మించి తొట్టి నింపరాదు, గేరు తీసి దిగరాదు. ఇక వెనుకటి ఇరుసు నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకండునకు తొమ్మిది చుట్లు తిరుగును. తువ్వాలు కొసయో, పంచె అంచో, కూలికి వచ్చిన తల్లి కొంగో చిక్కినచో లాగుకొనుటకు మనిషికి వ్యవధి యుండదు. దానిపై నుండవలసిన కవచము ఊడిపోయిన బండ్లే పల్లెలలో ఎక్కువగా కనబడుచున్నవి. సెలవులకు ఇంటికి పోయినపుడు విద్యార్థులు మొదట చూడవలసినది ఆ కవచము ఉన్నదా లేదా యనునదే. లేనిచో ఊరి వెల్డింగు షాపులో ఒక పూటలో చేయింపవచ్చును.