స్పోర్ట్స్ కారు టైర్లు

స్పోర్ట్స్ కారు టైర్లు అనగా అధిక వేగమును, గట్టి బ్రేకులను, చురుకైన మలుపులను తట్టుకొనునట్లు తయారు చేయబడిన వెడల్పాటి రేడియల్ టైర్లు. ఇంజను శక్తి ఎంతటిదైనను, అది నేలకు చేరునది నాలుగు టైర్ల ద్వారానే. ఒక్కొక్క టైరు రోడ్డును తాకు చోటు అరచేతికంటె కొంచెము పెద్దదిగా మాత్రమే ఉండును. కనుక టైరు తగినది కానిచో మిగిలిన కారు ఎంత ఖరీదైనదైనను ప్రయోజనము లేదు. గోదావరి డెల్టాలోని రామచంద్రపురము వంటి పట్టణములలో ఇట్టి కారు నడుపువారికి అవసరమైన విషయములు ఈ వ్యాసములో ముఖ్యముగా వివరించబడినవి.

చరిత్ర

రబ్బరును గంధకముతో కలిపి వేడిచేసి గట్టిపరచు పద్ధతిని 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. గాలి నింపిన టైరుకు 1845లో రాబర్ట్ థామ్సన్ పేటెంటు పొందినను, అది వాడుకలోనికి వచ్చినది 1888లో జాన్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల సైకిలుకు అమర్చిన తరువాతనే. 1895లో పారిస్-బోర్డో పందెములో మిషెలిన్ సోదరులు గాలి టైర్లతో కారు నడిపిరి. పలుమార్లు పంచరు పడినను, కార్లకు గాలి టైర్లు పనికివచ్చునని దానితో రుజువైనది. 1946లో మిషెలిన్ సంస్థ పేటెంటు పొందిన రేడియల్ నిర్మాణమే నేటి స్పోర్ట్స్ టైర్లకు మూలము.

తెలుగునాట పందెపు కార్ల టైర్లను దగ్గరగా చూచు అవకాశము 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ పోటీలో కలిగినది. భారతదేశములో జరిగిన తొలి ఫార్ములా-ఈ పోటీ ఇదే. జాన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచెను. 2024లో జరుగవలసిన రెండవ పోటీ రద్దయినది. ఫార్ములా వన్ కార్లు పొడి రోడ్డుపై గాడులు లేని నున్నని టైర్లతో పరుగెత్తి, వాన పడగానే ఆగి వేరే టైర్లు మార్చుకొనును. హైదరాబాదులో పరుగెత్తిన విద్యుత్ కార్లకు హాన్‌కూక్ సంస్థ ఇచ్చినవి గాడులున్న టైర్లు. ఎండకైనను వానకైనను అవే. ఊరి రోడ్డుపై కారు నడుపువాడు వాన పడినప్పుడెల్లా టైర్లు మార్చలేడు గనుక, అతడు చూడవలసినది ఈ రెండవ తరహానే.

టైరుపై గల అంకెలు

టైరు పక్కభాగముపై 225/45 ఆర్17 94 డబ్ల్యు అను విధముగా అచ్చు వేసి ఉండును. 225 అనునది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 45 అనగా పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 45 శాతము, అనగా సుమారు 101 మి.మీ. ఆర్ రేడియల్‌కు గుర్తు. 17 రిమ్ము వ్యాసము, అంగుళములలో. 94 బరువు సూచిక. ఆ టైరు 670 కిలోల వరకు మోయగలదని దాని అర్థము. చివరి అక్షరము వేగమునకు గుర్తు: హెచ్ 210, వి 240, డబ్ల్యు 270, వై 300 కిలోమీటర్లు. ఈ కారుకు ఏ కొలత టైరు, ఎంత గాలి అనునది డ్రైవరు తలుపు వద్ద అతికించిన పట్టీపై ఉండును. దుకాణదారుని మాటకంటె ఆ పట్టీయే ప్రమాణము. బరువు సూచికగాని, వేగపు అక్షరముగాని దానికంటె తక్కువ ఉన్న టైరు వేయరాదు.

పెద్ద రిమ్ములు వేయించుకొనుట యువకులలో మోజు. రిమ్ము పెరిగినపుడు పక్కగోడ తగ్గి, మొత్తము వ్యాసము మారకుండ ఉండవలెను. పై టైరు వ్యాసము 634 మి.మీ. దాని బదులు 225/40 ఆర్18 వేసినచో 637 మి.మీ. వచ్చును. తేడా స్వల్పమే. పొరపాటున 225/45 ఆర్18 వేసినచో 660 మి.మీ. అగును. అప్పుడు మీటరు 100 చూపునపుడు కారు 104 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. మలుపులలో టైరు మడ్‌గార్డుకు రాచుకొనుట కూడ కద్దు.

డెల్టా రోడ్లకు తగిన టైరు

డెల్టాలో ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు దిగు రోజే ఉండదు గనుక చలికాలపు టైర్ల ప్రసక్తి లేదు. వేసవి టైర్లనబడు రకమే ఇచ్చట ఏడాది పొడుగునా సరిపోవును. అయితే వాటిలోను, పందెపు బాట కొరకు చేసిన, గాడులు బహు తక్కువగా ఉన్న రకములు కొనరాదు. పొడి రోడ్డుపై వాటి పట్టు అమోఘము. కాని జూన్ నుండి నవంబరు వరకు వానలు పడు ప్రాంతములో అవి ప్రమాదకరము. నిలిచిన నీటిని గాడులు బయటకు నెట్టలేనపుడు టైరు నీటిపై తేలిపోయి, స్టీరింగుగాని బ్రేకుగాని పనిచేయవు. వెడల్పు టైరు సన్నని టైరుకంటె త్వరగా తేలును. ఈ కారణముచేత స్పోర్ట్స్ కారు యజమాని వానలో ఇతరులకంటె నెమ్మదిగా పోవలసి ఉండును.

ఇక్కడి రోడ్లకు వానతోపాటు వ్యవసాయము వలన కలుగు ఇబ్బందులు కూడ ఉన్నవి. సార్వా నాట్ల కాలములో ట్రాక్టర్లు దమ్ము చక్రములతోనే రోడ్డెక్కుట వలన తారు చీలికలుపడి, పొలము బురద రోడ్డంతయు పరచుకొనును. కోతల తరువాత సార్వా, దాళ్వా రెంటిలోను ధాన్యము రోడ్డుపైననే ఆరబోయుదురు. బురదపైనను, గింజలపైనను ఎంతటి ఖరీదైన టైరైనను జారవలసినదే. కాలువ గట్ల వెంబడి పోవు రోడ్లకు చాల చోట్ల గోడగాని కమ్మీగాని ఉండదు. కార్లు కాలువలోనికి దూసుకుపోయిన దుర్ఘటనలు డెల్టావాసులకు తెలియనివి కావు.

గుంతల విషయములో పొట్టి పక్కగోడ పెద్ద లోపము. గుంత అంచుకును రిమ్ముకును నడుమ టైరు నలిగి లోపలి దారములు తెగును. కొన్ని దినములకు పక్కగోడపై కోడిగ్రుడ్డంత ఉబ్బు కనబడును. ఇట్టి టైరుకు మరమ్మతు లేదు, తీసివేయవలసినదే. కావున రామచంద్రపురము నుండి ద్రాక్షారామము, కోటిపల్లి వైపు నిత్యము తిరుగువారు కారు తయారీదారు అనుమతించిన కొలతలలో చిన్న రిమ్మును, ఎత్తైన పక్కగోడను ఎంచుకొనుట తెలివైన పని. చూపునకు కొంత తగ్గినను నడుము నొప్పి కూడ తగ్గును.

కొనునపుడు ఐఎస్ఐ గుర్తును, తయారైన వారమును చూడవలెను. నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అనగా 2019వ సంవత్సరము 23వ వారము. విదేశములలో ఉన్నవారు సంక్రాంతికి వచ్చినపుడు మాత్రమే బయటకు తీయు కార్లకు ఇది మరీ ముఖ్యము. అట్టి కారు టైర్లు అరగవు గనుక కొత్తవిగా కనబడును. కాని ఎండకు, గాలికి రబ్బరు బిరుసెక్కి పక్కలందు సన్నని పగుళ్ళు వచ్చును. ఆరేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్ష చేయించవలెను. పదేండ్లు దాటినచో గాడులు ఎంత లోతుగా ఉన్నను మార్చవలెను.

బిగించు విధానము

ఇనుప పట్టీలతో గుంజి టైరు ఎక్కించు పాత పద్ధతి అల్లాయ్ రిమ్ములకు పనికిరాదు. రిమ్ము గీతలు పడుటయేగాక టైరు అంచు చిరిగి గాలి నిలువదు. యంత్రమున్న దుకాణములోనే వేయించవలెను. పక్కగోడపై బాణపు గుర్తున్నచో కారు ముందుకు పోవునపుడు చక్రము తిరుగు దిక్కునకే అది చూపవలెను. బయటి వైపు అని వ్రాసి ఉన్న పక్క బయటికే రావలెను. ఇది తారుమారైనచో వానలో గాడులు నీటిని సరిగా నెట్టలేవు. పసుపు చుక్క టైరులో తేలికైన చోటును తెలుపును. దానిని వాల్వు పక్కనే ఉంచినచో బ్యాలెన్సింగు బిళ్ళలు తక్కువ పట్టును. రబ్బరు వాల్వును కొత్తది వేయించుట మంచిది.

నట్లను వరుసగా కాక ఒకదానికెదురు ఒకటిగా బిగించి, చివరకు టార్కు పానాతో కారు పుస్తకములో చెప్పిన మేరకు సరిచూడవలెను. గాలి తుపాకితో బలముకొద్ది బిగించుట వలన బోల్టు మరలు చెడును. సుమారు 100 కిలోమీటర్లు పోయిన తరువాత మరల ఒకసారి చూడవలెను. అలైన్‌మెంటు తప్పక చేయించవలెను. లేనిచో వెడల్పు టైర్ల లోపలి అంచులు కంటికి కనబడకుండనే అరిగిపోవును.

రెండు టైర్లు మాత్రమే మార్చినపుడు కొత్తవి వెనుకనే వేయవలెను. ముందు కొత్తవి, వెనుక అరిగినవి ఉన్నచో తడి మలుపులో కారు వెనుక భాగము తిరిగిపోవును. అయితే ముందు, వెనుక వేర్వేరు కొలతలు గల కార్లలో ఇట్లు మార్చుటకు వీలులేదు. కొత్త టైరు పైపొర నున్నగా ఉండును గనుక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నిదానముగా నడపవలెను.

గాలి, అరుగుదల

గాలిని ఉదయము, కారు కదలక ముందే చూడవలెను. ఉష్ణోగ్రత 5 లేక 6 డిగ్రీలు పెరిగినపుడెల్ల ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ పెరుగును. మండు వేసవిలో రాజమండ్రి నుండి వచ్చి, వేడి టైరులో ఒత్తిడి ఎక్కువైనదని గాలి తీయించువారు కలరు. ఇది చేయరాని పని. చల్లారిన తరువాత గాలి తక్కువై, మరునాటి ప్రయాణములో టైరు మరింత వేడెక్కి పగులును. నైట్రోజను నింపించుట చెడ్డది కాదుగాని, మామూలు గాలిలోను 78 శాతము అదియే.

మోటారు వాహన నియమముల ప్రకారము కార్లకు గాడుల లోతు 1.6 మి.మీ.కు తగ్గరాదు. గాడుల నడుమ గల చిన్న దిమ్మెలు ఆ హద్దును తెలుపును. వానల సంగతి తెలిసినవారు 3 మి.మీ. వద్దనే మార్చుదురు. పంచరు నేలను తాకు భాగములో పడినపుడే అతుకు వేయవచ్చును, అదియును లోపలి నుండి. పక్కగోడకు అతుకు పనికిరాదు. చాల స్పోర్ట్స్ కార్లలో స్టెప్నీ ఉండదు. టైరు ఒత్తిడిని తెలుపు పరికరము, పంచరు మూయు సామగ్రి ఉన్న ట్యూబులేని టైర్ల కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో నియమములు సవరించబడినవి. ఆ మందు చిన్న రంధ్రములనే మూయును. పక్కగోడ చిరిగినచో లారీపై ఎక్కించి తీసికొని పోవుటయే మార్గము.