కాలువ కట్టిన రోజులు

బస్తరు అడవులలో తొలకరి వానలు పడిన కొద్ది రోజులకు రాజమహేంద్రవరం వద్ద గోదావరి రంగు మారుతుంది. వేసవి అంతా ఇసుకతిన్నెల నడుమ పలుచగా పారిన నీరు ఒక ఉదయం ఎర్రబడి కనిపిస్తుంది. "ఎర్రనీరు వచ్చింది" అని రేవులో స్నానానికి దిగినవారు ఒకరికొకరు చెప్పుకొంటారు. ఆ ఎరుపులో జగదల్‌పూరు మీదుగా పారి, చిత్రకోట వద్ద సుమారు 30 మీటర్ల ఎత్తు నుండి దూకి, భూపాలపట్నం ప్రాంతంలో గోదావరిని చేరే ఇంద్రావతి మట్టి ఉంటుంది. కోంటా మీదుగా వచ్చి కూనవరం వద్ద కలిసే శబరి మట్టి కూడా ఉంటుంది.

స్నానానికి వచ్చినవారికి ఎర్రనీరు ఋతువు మారిన గుర్తు. ధవళేశ్వరంలోని ఇంజనీరుకు మాత్రం అది గడువు ముగిసిందన్న కబురు. గోదావరి డెల్టా కాలువలలో ఏ మరమ్మతు తలపెట్టినా ఆ నీరు రాకముందే పూర్తి కావాలి. పనివారు దిగేది డెల్టాలో. వారికి గడువు విధించేది వందల మైళ్ల ఎగువన బస్తరు ఆకాశం.

వేసవిలో దాళ్వా పంట చేతికి వచ్చిన తరువాత, సాధారణంగా ఏప్రిల్ నెలలో, కాలువల ముఖద్వారాల వద్ద తలుపులు దించి నీటిని ఆపివేస్తారు. దీనిని గోదావరి జిల్లాలవారు "కాలువ కట్టేశారు" అంటారు. జూన్ నెలలో నీరు విడిచినప్పుడు "కాలువ వదిలారు" అంటారు. కాలువలే రహదారులుగా ఉన్న రోజులలో, ఈ రెండు మాటల నడుమ ఆగిపోయింది పొలాలకు పారే నీరు ఒక్కటే కాదు. వాటి మీద తిరిగే పడవలు కూడా ఆగిపోయేవి.

నీటి బాట

1832-33 సంవత్సరాల కరువు తెలుగు జిల్లాలను కుదిపివేసింది. గోదావరి నిండుగా పారి సముద్రంలో కలుస్తుండగా దాని ఒడ్డునే ప్రజలు అలమటించిన ప్రాంతం ఇది. ఆ నదికి ఆనకట్ట కట్టాలని ప్రతిపాదించిన సర్ ఆర్థర్ కాటన్, 1847లో ధవళేశ్వరం వద్ద పని ప్రారంభించి 1852 నాటికి పూర్తి చేయించాడు. ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, నది నడుమ ఉన్న లంకలను కలుపుకొంటూ ఆ ఆనకట్ట నిలిచింది.

కాటన్ ఆలోచనలో కాలువకు రెండు పనులు ఉన్నాయి. ఒకటి పొలానికి నీరు ఇవ్వడం. రెండవది పొలంలో పండినదాన్ని అంగడికి చేర్చడం. రైలుబాటల కంటె నీటి బాటలే ఈ దేశానికి చవక అని ఆయన జీవితాంతం వాదించాడు. అందువల్ల డెల్టాలోని ప్రధానమైన కాలువలను పడవలు నడవడానికి అనువుగా తవ్వారు. గన్నవరం వద్ద గోదావరి పాయ మీద 49 కమానులతో కట్టిన అక్విడక్టు ఇందుకు మంచి ఉదాహరణ. దాని మీదుగా కాలువ నీటితోపాటు పడవ కూడా నదిని దాటి ఆవలి లంకకు చేరేది. కింద నది, పైన కాలువ, ఆ కాలువ మీద పడవ! 2000 సంవత్సరంలో దాని స్థానంలో కొత్త అక్విడక్టు వాడుకలోకి వచ్చింది.

గోదావరి కాలువలను ఏలూరు కాలువ కృష్ణా కాలువలతో కలిపింది. అక్కడి నుండి కొమ్మమూరు కాలువ, దాని దిగువన 1878లో గవర్నరు పేరు పెట్టుకొన్న బకింగ్‌హాం కాలువ. కాకినాడలో బయలుదేరిన పడవ సముద్రం ముఖం చూడకుండానే మద్రాసు చేరగలిగేది. ధాన్యం, కొబ్బరి, బెల్లం, ఉప్పు, కలప ఈ దారిన నడిచాయి. గాలి వాలుగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకుంటే కళాసీలు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు.

లాకు రహస్యం

ఈ బాటలో పడవకు ప్రాణం వంటిది లాకు. నేల వాలుగా ఉన్నచోట కాలువ నీరు మెట్లు మెట్లుగా దిగుతుంది. పడవ మెట్లు దిగలేదు. కనుక మెట్టు ఉన్న ప్రతిచోటా రాతితో ఒక పెద్ద తొట్టి కట్టి, దానికి ఎగువన ఒక జత, దిగువన ఒక జత తలుపులు అమర్చారు. దిగువకు పోయే పడవ తొట్టిలోకి రాగానే ఎగువ తలుపులు మూస్తారు. చిన్న తూముల గుండా తొట్టిలోని నీటిని దిగువకు వదులుతారు. నీటితోపాటు పడవ మెల్లగా కిందికి దిగుతుంది. రెండువైపులా నీటి మట్టం సమానం కాగానే దిగువ తలుపులు తెరుచుకొంటాయి. ఎగువకు పోయే పడవకు ఇదే క్రమం తలకిందులుగా జరుగుతుంది. ఇందులో ఆవిరి యంత్రం లేదు, విద్యుత్తు లేదు. నీటి బరువే అంత పనీ చేస్తుంది.

తలుపుల అమరికలోనూ ఒక నేర్పు ఉన్నది. రెండు రెక్కలూ తిన్నగా కలవక, ఎగువ వైపునకు మొన తేలేటట్లు కోణంగా కలుస్తాయి. పైనుండి నీరు ఎంత గట్టిగా నెడితే అవి అంత బిగువుగా ఒకదానినొకటి పట్టుకొంటాయి.

కాని ఆ బిగువు శాశ్వతం కాదు. తలుపు తిరిగే కుదురు, దాని అంచు ఆనే గడప, తొట్టి అడుగున పరిచిన రాయి ఏడాది పొడవునా నీటిలోనే ఉంటాయి. కర్ర నానుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, రాళ్ల మధ్య గార కరిగిపోతుంది. ఒండ్రు మేటవేస్తుంది, తూడు, గుర్రపుడెక్క అల్లుకొంటాయి. ఎలుకలు, పీతలు గట్లకు బొరియలు చేస్తాయి. నీరు నిండి ఉండగా వీటిలో చాలా భాగం కంటికి కనపడదు. కనపడనిదాన్ని బాగుచేయడం అసాధ్యం. కనుక కాలువను ఆరబెట్టవలసిందే.

కాలువ ఆరినప్పుడు అందరూ ఒకే విధంగా నష్టపోరు. రైతుకు అప్పటికి పంట ఇంటికి వచ్చి ఉంటుంది. వర్తకుడు ముందుగానే సరుకు తరలించుకోగలడు. పడవ మీద బతికేవాడికి మాత్రం అవి కూలి లేని వారాలు. పైగా బాట అంతా ఒకే గొలుసు. ఒక్క లాకు తలుపు విప్పినా దాని ఎగువ, దిగువల పడవలు రెండూ నిలిచిపోతాయి. రెండు లాకుల నడుమ చిక్కిన పడవ బురదలో కూలబడుతుంది.

అయినా పడవవాడు ఈ మూతను భరించగలిగాడంటే అందుకు కారణం ఉన్నది. అది ఎప్పుడు వస్తుందో అతనికి తెలుసు. ఎప్పుడు ముగుస్తుందో కూడా తెలుసు. ఆ విరామం తన పడవను గట్టెక్కించి, పలకల సందులు బిగించి, అడుగుకు తారు పూయడానికి అదను. గడువు తెలిసిన కష్టానికి మనిషి సిద్ధపడగలడు.

రెండు దారుల కూడలి

కాలువ కట్టేటప్పుడు పంటకూ పడవకూ మధ్య వచ్చే చిక్కు, రోడ్డుకూ ఓడకూ మధ్య కూడా వస్తుంది. రామేశ్వర యాత్ర చేసిన తెలుగువారికి పాంబన్ వంతెన తెలియనిది కాదు. 1914 ఫిబ్రవరి 24న ప్రారంభమైన ఆ రైలు వంతెన నడుమ భాగం రెండు రెక్కలుగా పైకి లేచి ఓడకు దారి ఇచ్చేది. మనుషులే మీటలు తిప్పి దానిని ఎత్తేవారు. ఇటువంటి వంతెన ఏ క్షణాన చూసినా ఒకరికి తెరిచి, మరొకరికి మూసి ఉంటుంది. మరమ్మతు వచ్చినప్పుడు ఆ రెక్కలను ఏదో ఒక స్థితిలో నిలిపివేయక తప్పదు. దించి నిలిపితే ఓడలు ఆగాలి, ఎత్తి నిలిపితే రైళ్లు ఆగాలి. ఉప్పుగాలికి శిథిలమైన పాత వంతెన మీద భద్రత దృష్ట్యా 2022 డిసెంబరులో రైళ్లు ఆపివేశారు. 2025 ఏప్రిల్ 6న పక్కనే కొత్త వంతెన ప్రారంభమయ్యే వరకు రామేశ్వరం ద్వీపానికి రైలు లేదు. కొత్త వంతెనలో 72.5 మీటర్ల భాగం యంత్రాల సాయంతో నిట్టనిలువుగా పైకి లేస్తుంది.

పాంబన్ వంతెన ప్రారంభమైన 1914వ సంవత్సరంలోనే పనామా కాలువ కూడా తెరుచుకొన్నది. దానిని నిర్మించినవారు ప్రతి లాకునూ జంటగా కట్టారు. ఒక వరుసను ఆరబెట్టి బాగుచేస్తుండగా రెండవ వరుసలో ఓడలు నడుస్తాయి. ఏ వరుస ఏ రోజులలో మూసి ఉంటుందో ఓడల యజమానులకు ముందుగానే తెలుపుతారు. జంట బాట కట్టే స్తోమత అందరికీ ఉండకపోవచ్చు. ముందుగా తెలపడానికి మాత్రం పెద్ద ఖర్చు అక్కరలేదు.

తిరిగి తెరవని బాట

మూసిన తేదీయే గాని తెరిచే తేదీ లేని బాట గతి ఏమవుతుందో గోదావరే చెబుతుంది. డెల్టా కాలువలతో తృప్తి పడక, కాటన్ నది పొడవునా మధ్య భారతం వరకు పడవలు నడపాలని తలపెట్టాడు. నాగపూరు, బీరారు ప్రాంతాల పత్తిని నీటి మీదనే సముద్రానికి చేర్చాలన్నది సంకల్పం. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై లాంకషైరు మిల్లులకు పత్తి కరువైనప్పుడు ఈ పథకానికి బలం వచ్చింది.

నది అడ్డుకొన్నది మూడు చోట్ల. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం వద్ద మొదటి రాతి అడ్డు. బస్తరు సంస్థానపు అంచున, ఇంద్రావతి సంగమానికి సమీపంలో ఇచ్చంపల్లి వద్ద రెండవది. ఇంకా ఎగువన దేవలమర్రి వద్ద మూడవది. అడ్డు ఉన్నచోట ఆనకట్ట, పక్క కాలువ, లాకులు నిర్మించి పడవను దాటించాలని యత్నించారు. దుమ్ముగూడెం వద్ద పని రూపు దాల్చింది. కాని జ్వరాలు, అడవి, కొండరాయి, ఖర్చు పనిని కుంగదీశాయి. ఈలోగా అమెరికా యుద్ధం ముగిసింది. రైలుబాటలు లోపలి జిల్లాలకు చొచ్చుకుపోయాయి. 1871లో ప్రభుత్వం పని ఆపివేసింది. ఆ బాట మళ్లీ తెరుచుకోలేదు.

బస్తరుకు, రాజమహేంద్రవరానికి నడుమ నీటి సంబంధం అంతటితో తెగిపోలేదు. కలప, వెదురు తెప్పలుగా కట్టి శబరి, గోదావరుల మీదుగా దిగువకు చేర్చేవారు. కాని తెప్ప దిగుతుందే గాని ఎక్కదు. ఎగువకు ఉప్పును, గుడ్డను మోసుకుపోయే పడవ బాట కాగితాల మీదనే మిగిలిపోయింది.

డెల్టా కాలువలలోని పడవలను ఏ ఉత్తరువూ ఒక్కరోజులో ఆపలేదు. రోడ్లు వచ్చాయి, లారీలు వచ్చాయి. పడవ మీద రోజులు పట్టే ప్రయాణం లారీకి పూటలో ముగిసింది. ఇరవయ్యవ శతాబ్దం ఉత్తరార్ధంలో సరుకు పడవలు క్రమంగా పలుచబడ్డాయి. పడవలు తగ్గినకొద్దీ లాకుల మీద శ్రద్ధ తగ్గింది. లాకులు పాడయినకొద్దీ మిగిలిన పడవలు తగ్గాయి. అనేక చోట్ల తలుపులు తుప్పుపట్టి, తొట్టిలో పిచ్చిమొక్కలు మొలిచాయి. 2008లో కాకినాడ-పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల కొన్ని భాగాలను కలిపి 4వ జాతీయ జలమార్గంగా పార్లమెంటు చట్టం ప్రకటించింది. పేరు మళ్లీ వచ్చింది. గోదావరి కాలువల మీద వెనుకటి పడవల బారులు మాత్రం తిరిగి రాలేదు.

నేటి గడువు

పడవలు పోయినా కాలువ కట్టవలసిన అవసరం పోలేదు. కాటన్ ఆనకట్ట స్థానంలో 175 తలుపులతో కట్టిన బ్యారేజి 1982లో పూర్తయింది. దాని కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. ఈ భూములకు నీరిచ్చే కాలువల పూడిక తీయడానికి, గట్లు బలపరచడానికి, తూములు సరిచూడడానికి వేసవి ఒక్కటే అదను. ఆ అదను నానాటికీ కురచనవుతున్నది. దాళ్వా నాట్లు ఆలస్యమైతే, చివరి తడి అందేవరకు కాలువ కట్టవద్దని రైతులు కోరుతారు. మంచినీటి చెరువులు నింపకుండా కట్టడానికి వీలులేదు. ఇటు నవంబరు తుపానులకు ముందే సార్వా పంట ఒబ్బిడి కావాలన్న ఆలోచనతో నీటిని పెందలకడ వదలవలసి వస్తున్నది. 2022లో జూన్ 1వ తేదీనే కాలువలు వదిలారు. ఇరువైపుల నుండీ నొక్కుకుపోయి నడుమ మిగిలేది కొద్ది వారాలే. ఆ వారాలలో తీయని పూడిక మరుసటి ఏటికి రెట్టింపవుతుంది.

ఇందులో ఎవరి కోరికా అన్యాయమైనది కాదు. రైతు అడిగే నాలుగు రోజులు అతని పంటకు ప్రాణం. అయితే ఆ నాలుగు రోజులు గట్టు పనిలో నుండే తీయాలి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు పొంగినప్పుడు, 2022 జూలైలో మళ్లీ 71 అడుగులు దాటినప్పుడు, దిగువన గట్లను నమ్ముకొన్న ఊళ్లు ఎన్నో నిద్ర లేని రాత్రులు గడిపాయి. వరద వచ్చాక గట్టును బాగుచేయడం ఎవరి తరమూ కాదు.

పడవలకాలం నాటి కాలువ నేటివారికి విడిచిపోయిన పాఠం చిన్నదే. మరమ్మతు కోసం దారి మూయడం దారికి ద్రోహం చేయడం కాదు. ఏటా మూసి బాగుచేసిన దారి నిలిచింది, మూసి మరచిన దారి పోయింది. మూసే తేదీ ఎంత ముఖ్యమో తెరిచే తేదీ అంత ముఖ్యం. ఈ రెండూ ముందుగా చెప్పినవాడిని దారి మీద బతికేవారు నమ్ముతారు.

ఇంతలో ఇంద్రావతి లోయలో తొలి మబ్బు కమ్ముతుంది. ధవళేశ్వరం దిగువన పూడిక మట్టి ఇంకా గట్టు మీద ఆరుతూ ఉంటుంది. మరి కొన్ని రోజులకు రేవులో ఎవరో ఎర్రనీరు వచ్చిందంటారు. ఆ మాట వినపడేలోగా పలుగూ పారా కాలువ నుండి పైకి రావాలి.