కారులో పెట్రోలు వాసన వస్తోందా?

మా ఓపీకి టెక్కలి వైపు నుంచి ఒక తల్లి తన ఆరేళ్ల పాపను తీసుకువచ్చారు. "కారెక్కితే సాలు బాబూ, వాంతులు సేసేసుకుంటంది. నాకూ తల పగిలిపోతంది" అన్నారు. ప్రయాణంలో వాంతులు చాలామంది పిల్లలకు ఉండేవే గనుక మేము వాటికి మాత్రలు రాసి పంపించాము. బస్సులో వెళ్లినా ఇలాగే అవుతుందా అని అడగలేదు. అది మా పొరపాటే. మూడు వారాల తరువాత వారు మళ్లీ వచ్చారు. ఈసారి పాప తండ్రి కూడా ఉన్నారు. "టాంకు నిండా కొట్టిస్తే రెండ్రోజులు వాసనుంటాది, తరవాత పోతాది" అని ఆయన మాటల మధ్యలో అన్నారు. అప్పుడు మేము స్టెతస్కోపు పక్కన పెట్టి మా ఆసుపత్రి వ్యాను డ్రైవరును పిలిచాము.

ఆయన ముందు బానెట్ ఎత్తలేదు, ప్రశ్నలు అడిగారు. వాసన ఎప్పుడు వస్తుంది? ముందు సీట్లోనా, వెనక సీట్లోనా? ఈ మధ్య ఏదైనా రిపేరు జరిగిందా? టాంకు నిండా ఉన్నప్పుడు, వెనక సీట్లో, పెట్రోలు పంపు మార్చిన తరువాత నుంచి అని జవాబులు వచ్చాయి. చాలా పెట్రోలు కార్లలో ఆ పంపు టాంకులోపలే ఉంటుంది. దాని మూత వెనక సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తి చూస్తే ఆ మూత చుట్టూ తడి కనిపించింది. పంపు మార్చినప్పుడు కొత్త రబ్బరు రింగు వేయకుండా పాతదే బిగించారు. టాంకు నిండుగా ఉండి కారు కుదుపులకు లోనైనప్పుడల్లా పెట్రోలు ఊరి, తల్లీ బిడ్డా కూర్చున్న చోటే ఆవిరవుతోంది. షెడ్డులో కొత్త రింగు వేయించారు. ఆ తరువాత పాపకు మాత్రల అవసరం రాలేదు.

తండ్రికి ఎందుకు ఏమీ కాలేదని కొందరు అడుగుతారు. ఆయన ముందు సీట్లో, కిటికీ దించుకుని నడుపుతారు. పైగా మన ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. రోజూ నడిపేవారి మాట కన్నా, కొత్తగా కారెక్కి "ఏదో వాసనొస్తోంది" అన్న చుట్టం మాటనే నమ్మండి.

పెట్రోలు ఆవిరి పీలిస్తే తలనొప్పి, కళ్లు తిరగడం, కడుపులో తిప్పడం, మత్తు వస్తాయి. పెట్రోలులో బెంజీన్ కొద్దిగా ఉంటుంది. అది మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థమని తేలింది. బంకు దగ్గర రెండు నిమిషాలు వాసన తగిలినంత మాత్రాన భయపడనక్కరలేదు. కాని మూసిన కారులో, గర్భిణులు, పసిపిల్లలు రోజూ దానిని పీల్చడం తగదు. నిప్పు ప్రమాదం దీనికన్నా పెద్దది. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్లున్నా ఒక్క రవ్వ చాలు. ఆవిరి గాలికన్నా బరువైనది గనుక కారు కిందా, మెకానిక్ గోతిలోనూ పేరుకుంటుంది.

అన్ని కార్లలోనూ కారణం ఇదే కాదు. బంకులో తుపాకీ దానంతటదే ఆగిన తరువాత కూడా "ఇంకొంచెం" అని కొట్టించేవారు మనలో ఎక్కువ. టాంకులోని ఆవిరిని పట్టి ఉంచడానికి కారులో ఒక బొగ్గు డబ్బా ఉంటుంది. పెట్రోలు పొంగి దానిలోకి చేరితే డబ్బా పాడైపోతుంది. టాంకు నోటి దగ్గరి గొట్టం కూడా చూడాలి. 2014 ఏప్రిల్‌లో మారుతి సుజుకి సంస్థ ఆ గొట్టం మార్చడానికే 1,03,311 స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా కార్లను వెనక్కి పిలిపించింది. తుపాకీ ఆగిన మట్టం దాటి నింపితే వాసన రావచ్చు, అరుదుగా కారవచ్చు అని చెప్పింది. బారువ, కళింగపట్నం వంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుప గొట్టాలు తుప్పు పడతాయి. పెద్ద పండక్కి పది రోజులు కదలకుండా గడ్డివాము పక్కన నిలిపిన కారులో ఎలుకలు రబ్బరు పైపులు కొరికేస్తాయి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత కార్ల రబ్బరు పైపులు, రింగులు దానికి తట్టుకునేలా చేసినవి కావు గనుక వాటిని ఏడాదికోసారి చూపించండి. డిక్కీలో పెట్రోలు సీసా ఉందేమో చూడటం మాత్రం అన్నిటికన్నా ముందు చేయవలసిన పని.

కారు కింద చుక్కలు కనబడితే పాత కార్డుబోర్డు ముక్క పరిచి చూడండి. ఏసీ నీటికి వాసన ఉండదు. పెట్రోలు త్వరగా ఆరిపోతుంది, వాసన మిగులుతుంది. డీజిలు జిడ్డు మరక వదులుతుంది. పెట్రోలు చుక్కలే అయితే ఇంజను ఆపి, అందరినీ దింపి, తలుపులు తెరిచి, దూరంగా నిలబడి మెకానిక్‌ను పిలిపించండి. అగ్గిపుల్ల, బీడీ దగ్గరకు రానివ్వకండి. టాంకు చిల్లుకు సబ్బు రుద్దడం మన రోడ్ల మీద పాత చిట్కాయే, కాని పిల్లలను ఎక్కించుకుని విశాఖ దాకా వెళ్లడానికి అది పనికిరాదు. గ్యాసు కిట్ ఉన్న కారులో కుళ్లిన వాసన వస్తే సిలిండరు వాల్వు కట్టి, కిట్ వేసే చోటికే చూపించండి.

వచ్చేది పెట్రోలు వాసన కాక పొగ వాసన అయితే మరింత తొందరపడాలి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. పొగ గొట్టానికి చిల్లు పడినా, సామాను పట్టక డిక్కీ తెరిచి నడిపినా అది లోపలికి వస్తుంది. ఇంజను ఆన్‌లో ఉంచి, అద్దాలు మూసుకుని కారులో నిద్రపోవద్దు.

ఇంకొక మాట. నోటితో పైపు పీల్చి పెట్రోలు తీసేటప్పుడు ఎవరైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. కక్కేటప్పుడు పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వస్తుంది. తడిసిన బట్టలు మార్చి, దగ్గు, ఆయాసం లేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఆయాసం మొదలైతే 108కి ఫోన్ చేయండి.