పోలిక మడి – ప్రయోగముల అంకెలను రైతు వినియోగించుకొను విధము



నేడు సేద్యమునకు సంబంధించిన అంకెలు నాలుగు వైపులనుండి మీ చేతికి వచ్చుచున్నవి. భూసార పరీక్ష కార్డు ఒక అంకె చెప్పును. ఎరువు అమ్మువారు మరియొకటి చెప్పుదురు. సెల్‌ఫోనులోని సలహా ఇంకొకటి చెప్పును. కోనం జలాశయపు నీరు పారు పల్లపు మడికిని, చీడికాడ కొండవాలు గరప మెట్టకును ఒకే మోతాదు చెప్పు సలహాలు కూడ కలవు. ఇన్ని అంకెలలో దేనిని నమ్మవలెను?

దీనికి సమాధానము ఒక ప్రశ్నలో నున్నది. "ఈ అంకె ఏ పొలములో, దేనితో పోల్చగా వచ్చినది?" అని అడుగుడు. జవాబు దొరకిన అంకెను వాడుకొనవచ్చును. దొరకని అంకెకు డబ్బు పెట్టబోవుటకు ముందు మీ పొలములోనే చిన్న పోలిక చేసి చూచుకొనవలెను. శాస్త్రజ్ఞులును ఈ పనియే చేయుదురు. బంగారమునకు గీటురాయి ఎట్టిదో వ్యవసాయ పరిశోధనకు పోలిక మడి అట్టిది.

పోలిక మడి అనగా నేమి?

ఒక ఎరువు పనిచేసినదో లేదో తెలియవలెనన్నచో ఎరువు వేసిన మడిని మాత్రమే చూచిన చాలదు. ఆ యేడు వానలు బాగుగా కురిసి యుండవచ్చును, తెగులు రాకపోయి యుండవచ్చును. పంట పండినది ఎరువు వలననా, వాన వలననా? ప్రక్కనే అదే నేల, అదే విత్తనము, అదే నీరు ఉండి, ఆ ఎరువు ఒక్కటి మాత్రము లేని మడి యున్నప్పుడే ఇది తేలును. దానినే పోలిక మడి యందురు.

ఇట్టి మడులలో పేరుపొందినది ఇంగ్లాండులోని రోథాంస్టెడ్ పరిశోధన క్షేత్రమున కలదు. లాస్, గిల్బర్టు అను ఇరువురు 1843లో అచటి బ్రాడ్‌బాక్ అను పొలములో గోధుమపై ప్రయోగము ప్రారంభించిరి. పొలమును పొడవైన పట్టీలుగా విభజించి, కొన్నిటికి పశువుల ఎరువు, కొన్నిటికి రసాయనిక ఎరువులు వేసి, ఒక పట్టీకి ఏ ఎరువును వేయక విడిచిరి. ఆ ప్రయోగము నేటికిని సాగుచున్నది. ఎరువు వేయని పట్టీ హెక్టారుకు సుమారు ఒక టన్ను, అనగా ఎకరమునకు దాదాపు 4 క్వింటాళ్ళు పండుచు వచ్చినది. ఆ పట్టీలో లాభము లేదు. కాని మిగిలిన పట్టీలలో ఎంత లాభమున్నదో చెప్పగలది అదియే.

1919లో ఆ కేంద్రమున చేరిన ఫిషరు అను గణితజ్ఞుడు ప్రయోగములకు మూడు నియమములు కుదిర్చెను. ఒకే పద్ధతిని పలు మడులలో మరల మరల చేయవలెను. ఏ మడికి ఏ పద్ధతి రావలెనో చీట్లు వేసి నిర్ణయించవలెను. పోల్చదలచిన మడులు ఒకదాని ప్రక్కన ఒకటి, ఒకే తీరు నేలలో నుండవలెను. నేడు ప్రపంచమున పరిశోధన క్షేత్రములన్నియు ఈ నియమములనే పాటించుచున్నవి.

మన చెరకు అంకెలు ఎక్కడివి?

చోడవరము, చీడికాడ ప్రాంతములు తరతరములుగా విశాఖపట్నం జిల్లాలోనివి. 2022 నుండి ఇవి అనకాపల్లి జిల్లాలో చేరినవి. మన చెరకు సాగుకు కావలసిన అంకెలలో ముఖ్యమైనవి అనకాపల్లి పరిశోధన కేంద్రములో పుట్టినవే. ఆ కేంద్రము 1913లో చెరకు కొరకు నెలకొల్పబడినది. 87 ఎ 298, 93 ఎ 145 వంటి రకముల పేర్లలోని 'ఎ' అను అక్షరము అనకాపల్లికి గుర్తు. ఆ రకములు అప్పటికే సాగులోనున్న రకముల ప్రక్కన నాటబడి, పోల్చి చూచిన పిమ్మటనే రైతుల చేతికి వచ్చినవి.

ఎరువుల సంగతియు ఇట్టిదే. ఆ కేంద్రపు చెరకు ప్రయోగములలో హెక్టారుకు 112 కిలోల నత్రజని అను మోతాదు తరచుగా పోలిక మోతాదుగా కనబడును. అనగా ఎకరమునకు సుమారు 45 కిలోలు. యూరియాలో నూటికి 46 వంతులు నత్రజని గనుక ఇది 98 కిలోల యూరియాకు సమానము. 45 కిలోల బస్తాలు రెండును, పైన కొంచెమును. ఇది మొక్క తోటకు సంబంధించిన అంకె. కార్శి తోటకు ఇంకను ఎక్కువ నత్రజని కావలసి యుండును. ఒకే అంకెను రెంటికిని వాడరాదు.

మోతాదు మించినను, ఆలస్యముగా వేసినను నష్టము ఎరువు ఖర్చుతో పోదు. చెరకు పచ్చగా పెరుగుచునే యుండి రసము చిక్కపడదు. బెల్లము నాణ్యత చెడి ధర తగ్గును. కాబట్టి ఈ అంకెలలో పొరపాటు గానుగ దగ్గర బయటపడును.

భూసార పరీక్ష కార్డును చదువు విధము

కార్డులో నత్రజని తక్కువ, మధ్యస్థము, ఎక్కువ అని వ్రాసి యుండును. లభ్య నత్రజని ఎకరమునకు 112 కిలోలకు లోపు తక్కువ యనియు, 112 నుండి 224 వరకు మధ్యస్థమనియు, అంతకు మించినది ఎక్కువ యనియు లెక్క. పరీక్షశాలలో వచ్చిన అంకె తనంతట తాను ఏమియు చెప్పదు. అట్టి అంకె వచ్చిన నేలలలో ఎరువు వేసి, వేయక, పంట తూచి చూచినప్పుడే దానికి అర్థము కలుగును.

ఇందుకొరకు మన దేశమున 1967-68లో భూసార పరీక్షకును పంట స్పందనకును గల సంబంధమును తేల్చు సమన్వయ పరిశోధన పథకము ప్రారంభింపబడినది. రామమూర్తి అను శాస్త్రజ్ఞుడు అందు ఒక చక్కని ఉపాయము చూపెను. ఒకే పొలమును పట్టీలుగా చేసి, వేరువేరు మోతాదులలో ఎరువు వేసి, ముందు ఒక పంట పండించి, సారము తక్కువ, నడిమి, ఎక్కువగా నుండు పట్టీలను తయారు చేయవలెను. ఆ పిమ్మట అసలు పంటను వేసి ప్రయోగము చేయవలెను. ఇట్లు చేసినచో నేల సారము తప్ప తక్కినదంతయు ఒకటే యగును. ఎన్ని క్వింటాళ్ళ దిగుబడికి ఎంత ఎరువు కావలెనో చెప్పు సూత్రములు ఇట్టి ప్రయోగములనుండియే వచ్చినవి. ఆ సూత్రము ఒక పంటకు, ఒక తీరు నేలకు కట్టినది. వరికి కట్టినది చెరకునకు పనికిరాదు. రేగడికి కట్టినది గరపకు సరిపడదు.

మరియొక సంగతి. 2015 ఫిబ్రవరిలో ప్రారంభమైన భూసార కార్డుల పథకములో ప్రతి కమతమునుండియు మట్టి తీయలేదు. నీటివసతి గల భూమిలో 2.5 హెక్టార్లకు, అనగా 6 ఎకరములకు పైగా భూమికి ఒక నమూనా. వర్షాధారమున 10 హెక్టార్లకు, అనగా సుమారు 25 ఎకరములకు ఒక నమూనా. కావున మీ కార్డులోని అంకె మీ ప్రక్క రైతు పొలపు మట్టిది కావచ్చును. అనుమానమున్నచో మీ పొలములో పది చోట్ల జానెడు లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో పంపి మరల పరీక్ష చేయించుకొనుడు.

గణిత నమూనాలు – వాటి హద్దులు

ఇప్పుడు శాస్త్రజ్ఞులు పంట పెరుగుదలను కంప్యూటరులో లెక్కకట్టు గణిత నమూనాలను వాడుచున్నారు. ఎండ, వాన, నేల, రకము, ఎరువు చెప్పినచో దిగుబడి ఇంత రావచ్చునని అది చెప్పును. అయితే అది గాలిలోనుండి చెప్పదు. 1983 మార్చిలో మన హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరువులో, అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థలో వివిధ దేశముల శాస్త్రజ్ఞులు సమావేశమై, ఒక ప్రయోగము ఇతర స్థలములకు ఉపయోగపడవలెనన్న కనీసము ఏయే వివరములు వ్రాసి యుండవలెనో చర్చించిరి. ప్రతి దినపు వాన, ఎండ, హెచ్చు తగ్గు ఉష్ణోగ్రతలు. నేల పొరల వివరము. రకము, విత్తిన తేదీ, మొక్కల ఎడము. ఎరువు, నీరు ఎప్పుడు ఎంత ఇచ్చినది. పూత, కోత తేదీలు, దిగుబడి – ఇవి ముఖ్యమైనవి.

ఇట్టి వివరములుగల కొన్ని ప్రయోగములతో నమూనాను సరిదిద్దుదురు. వేరుగా దాచియుంచిన మరికొన్ని ప్రయోగములతో దానిని పరీక్షింతురు. సరిదిద్దిన ఫలితములతోనే పరీక్షించిన నమూనాను నమ్మరాదు. ప్రశ్నపత్రమును ముందుగా చూచిన విద్యార్థికి మార్కులు వచ్చుటలో వింత లేదు గదా!

హద్దు దాటిన నమూనా ఎట్లు తప్పునో ఒక నిదర్శనము గలదు. నేలలోని సేంద్రియ పదార్థము ఏటేట ఎట్లు మారునో చెప్పు నమూనా ఒకటి రోథాంస్టెడ్ ప్రయోగముల అంకెలతో తయారైనది. అవి నీరు నిలువని నేలలు. వరిమడిలో నీరు నిలిచి గాలి చొరక, ఆకు అలము మెల్లగా కుళ్ళును. అందుచే జపాను శాస్త్రజ్ఞులు దానిని వరి నేలలకు వాడబోవునప్పుడు కుళ్ళు వేగమును తగ్గించి సవరించుకొనవలసి వచ్చెను. నమూనా మంచిదే, పుట్టిన నేల వేరు. సెల్‌ఫోను సలహాకును ఇదే న్యాయము వర్తించును.

మీ పొలములో పోలిక మడి వేయు విధము

క్రొత్త ఎరువుగాని మందుగాని క్రొత్త మోతాదుగాని పొలమంతటికి వేయుటకు ముందు ఈ క్రింది విధముగా చేయుడు.

1. ఒక కాలములో ఒక్క మార్పునే పరీక్షింపుడు. ఎరువును, రకమును కలిపి మార్చినచో దేని ఫలము ఏదో తెలియదు.

2. పొలములో మూడు చోట్ల రెండేసి మడులు ప్రక్కప్రక్కన గుర్తింపుడు. పశువుల శాల దగ్గర, చెట్టు నీడన, కాలువ మడువు దగ్గర, పాత గట్టు తీసిన చోట గుర్తింపరాదు.

3. ప్రతి జంటలో దేనికి క్రొత్తది వేయవలెనో చీటీ వేసి నిర్ణయింపుడు. ఇష్టమైన మడిని మీరు ఎంచుకొన్నచో తెలియకయే మంచి మడి క్రొత్తదానికి పోవును.

4. పోలిక మడికి మీరు ఎప్పుడును చేయు సేద్యమంతయు చేయుడు. పరీక్షించు వస్తువు ఒక్కటే మానుడు.

5. వరిలో మడికి మడికి నడుమ గట్టి గట్టు వేసి, నీరు వేరువేరుగా పెట్టుడు. మడినుండి మడికి నీరు పారినచో ఎరువు కూడ పారిపోవును.

6. చెరకులో ఒక్కొక్క మడికి ఆరు చాళ్ళైనను ఉండవలెను. అంచు చాళ్ళను విడిచి నడిమి చాళ్ళనే తూచుడు.

తూచుట, లెక్క కట్టుట

వరిలో మడి నడుమ 5 మీటర్ల చదరము గుర్తించి, కోసి, నూర్చి, గింజలను ఒకే తీరుగా ఎండబెట్టి తూచుడు. వచ్చిన కిలోలను 162తో హెచ్చించినచో ఎకరపు దిగుబడి వచ్చును. చెరకులో ఒక సెంటు కోసి తూచి 100తో హెచ్చింపుడు. చాళ్ళ ఎడము 3 అడుగులైనచో మొత్తము 145 అడుగుల చాలు పొడవు ఒక సెంటగును.

ఉదాహరణకు, వరిలో క్రొత్త ఎరువు మడులలో 14, 12, 13 కిలోలును, వాటి జంట మడులలో 12, 13, 11 కిలోలును వచ్చినవనుకొందము. సగటులు 13, 12. ఎకరమునకు 162 కిలోలు హెచ్చు! కాని తొందరపడకుడు. ఒకే ఎరువు వేసిన మడులలోనే 2 కిలోల తేడా యున్నది. రెండవ జంటలో పోలిక మడియే గెలిచినది. ఇది నేల తేడా కావచ్చును. డబ్బు పెట్టుటకు ఈ సాక్ష్యము చాలదు. అట్లుగాక 14, 13.5, 14.5 కిలోలును, జంట మడులలో 12, 11.5, 12.5 కిలోలును వచ్చినచో మూడు జంటలలోను క్రొత్తదే హెచ్చు. ప్రతి జంటలోను తేడా 2 కిలోలు. ఇది నమ్మదగినది. ఎకరమునకు పెరిగిన 324 కిలోల ధాన్యము ధరలోనుండి ఎరువు, కూలి ఖర్చు తీసివేసి, మిగులు ఉన్నచో మరుసటి యేడు మరియొకమారు చేసి చూచి, ఆ పిమ్మట పొలమంతటికి వాడుడు.

వ్రాసి పెట్టుట

తూచిన అంకె యొక్కటే చాలదు. రకము, నాటిన తేదీ, ఎరువు వేసిన తేదీ, మోతాదు, వానలు, వచ్చిన తెగుళ్ళు ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. ఫలితము రాని ప్రయోగమును కూడ వ్రాయుడు. పనికిరానిదేదో తెలియుటయు లాభమే. వచ్చు యేడు ఆ ఖర్చు మిగులును. ఆ పుస్తకమును గ్రామ వ్యవసాయ సహాయకునికి, అనకాపల్లి కేంద్రపు శాస్త్రజ్ఞులకు చూపుడు. కొండవాలు మెట్టల అంకెలు వారికిని కావలసినవే.

రాబోవు పంటకాలములో ప్రతి రైతును కనీసము ఒక్క జంట మడినైన వేసి చూడవలెను. మూడు జంటలు వేయగలిగినచో మరియు మేలు. పది సెంట్లలో చేసిన పోలిక పది ఎకరముల నష్టమును తప్పించును.