ఒక గుంటలో పొసఁగు చేపలు

చేపల గుంట చూచుటకు ఒక్కటియే యైనను, చేపలకది మూఁడంతస్తుల యిల్లు. బొచ్చె పైనీటి సూక్ష్మజీవులను తినును. శీలావతి నడిమినీటఁ దిరుగుచు మొక్కల తునుకలను, నాచును మేయును. ఎఱ్ఱమోసు అడుగునఁ గుళ్లిన యాకులను, మడ్డిని తిని నేలను శుభ్రపఱచును. ఒకదాని కూడు మఱియొకటి దోఁచుకొనదు గనుక ఈ మూఁడును కలసి పెరుగును.

ఎకరమునకు 2000 పిల్లలు చాలును: బొచ్చె 800, శీలావతి 600, ఎఱ్ఱమోసు 600. పిల్ల నాలుగంగుళములకుఁ దక్కువ కారాదు.

రైతు సోదరులారా, పిల్లలను విడుచుటకు ముందు కొఱ్ఱమీనును, వాలుగను నిశ్శేషముగాఁ దీయుఁడు. అవి మిగిలినచో, అప్పు చేసి కొన్న పిల్లలు వానికి మేతయగును. వలకుఁ జిక్కనివానిని ఇప్పపిండి చంపును. మీటరు లోతుగల ఎకరమునకు సుమారు 1000 కిలోలు వలయును. పిమ్మట మూఁడు వారములు ఆగవలెను. తొందరపడి ముందే విడిచి నష్టపడినవారిని మేము చూచితిమి. కావున మొదట పది పిల్లలను వలగుడ్డ తొట్టిలో ఆ నీటనే ఒక దినముంచి, అవి బ్రదికినపుడే తక్కినవానిని విడువుఁడు.

కలుపు హెచ్చైనచో గడ్డిచేపను కొలఁదిగా విడువవచ్చును. కాని యది వరిని సైతము మేయును. మడికి నీరు పాఱు తూమునకు జాలి కట్టుట మఱవరాదు.