కుడివైపు సీటు ఎవరిది?

కోనసీమ దళితవాడలకు విమానం కొత్త కాదు. రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్లిన తల్లులు దశాబ్దాలుగా అందులో ప్రయాణిస్తున్నారు. వారి బిడ్డలు దానిని నడపడం, ఇతరులకు నేర్పడం ఎప్పుడన్నదే ప్రశ్న.

శిక్షణ విమానంలో బోధకుడు కుడివైపు కూర్చుంటాడు. విద్యార్థి ఒంటరిగా ఎగరగలడో లేదో తేల్చేది అతడే. ఆ సీటు చేరాలంటే ముందు కమర్షియల్ పైలట్ లైసెన్సు పొందాలి: 200 గంటల చోదన, 40 లక్షల రూపాయల పైచిలుకు ఖర్చు. పిదప బోధకుడి అర్హతకు మళ్లీ శిక్షణ, మళ్లీ పరీక్ష. ఫుర్సత్‌గంజ్‌లోని ప్రభుత్వ ఉడాన్ అకాడమీ ప్రవేశాల్లో రిజర్వేషన్ ఉంది. సీటు దక్కినా ఫీజు మాటేమిటి? దళిత విద్యార్థుల 'టాప్ క్లాస్' ఉపకార వేతనంలో ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బుల శిక్షణకు కేంద్రం ఒకప్పుడు పెట్టిన పరిమితి ఏడాదికి 3.72 లక్షలే. మిగిలినదానికి బ్యాంకు హామీ అడుగుతుంది. కోనసీమలో హామీ అంటే కొబ్బరితోట. దింపు తీసే కూలీకి తోట పాసుపుస్తకం ఎక్కడిది?

జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు 2022లో అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. పేరు నిలిచింది. 1913లో ఆయనను కొలంబియాకు పంపింది బరోడా సంస్థానం. తిరిగి వచ్చి పదేళ్లు కొలువు చేయాలన్నది షరతు. ఇక్కడా ఆ పద్ధతే తగును. పూర్తి ఫీజు ప్రభుత్వమే భరించాలి. బదులుగా లైసెన్సు పొందినవారు కొన్నేళ్లు ఆ కుడివైపు సీటులో కూర్చుని పాఠం చెప్పాలి.